రెండు కెమెరాలు, ఒక అడ్డుతెర

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి మా ఆవిడ మంగ స్టూడియోకి వచ్చే పెళ్లివాళ్లందరికీ ముందే చెప్పి పెడుతుంది. "ఆయన అరిస్తే పట్టించుకోబాకండి. భయమేసినప్పుడు అట్లా అరుస్తాడు, అంతే," అంటుంది. వినడానికి నాకు బాగుండదు గానీ మాట నిజమే. తొంభై ఏడులో మా అక్క కూతురు శరణ్య పెళ్లికి ముందు నెల రోజులూ నేను అరుస్తూనే ఉన్నాను.

మా స్టూడియో చెన్నైలో, చూలై పేటలో. నాన్న ఫోటోల కోసం పెట్టిన కొట్టు. వీడియో నేను తెచ్చాను. బోర్డు మీద ఊరి పేరు ఇంకా మద్రాసు అనే ఉండేది, మార్చే తీరిక ఎక్కడ? నా దగ్గర ఉన్నదల్లా భుజాన మోసే కెమెరా ఒక్కటి. దాన్ని మోసుకునే పదకొండేళ్లలో పట్నంలో సగం కల్యాణ మంటపాలు తిరిగాను.

మా అక్క రాజలక్ష్మి. బావ పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. అప్పటినుంచి కూతుర్ని పెట్టుకుని మా మేడ మీదే ఉంటోంది. స్టూడియోలో క్యాసెట్ల మీద పేర్లు రాసేది, ఆల్బంలు అతికించేది. ఆమె అక్షరాలు చూసి అచ్చేమో అనుకునేవాళ్లు. ఒక్క పని మాత్రం చేసేది కాదు. పెళ్లి క్యాసెట్ చేతికిచ్చే ముందు డబ్బా మూలకి పసుపూ కుంకుమా పెట్టడం మా అలవాటు. ఆ గిన్నె దగ్గరికి వచ్చేసరికి అక్క చేతులు వెనక్కి తీసుకుని మంగని కేకేసేది. నేను ఎన్నిసార్లు తిట్టినా అంతే.

శరణ్యకి అంబత్తూరు సంబంధం కుదిరింది. తాంబూలాలు పుచ్చుకున్న సాయంత్రమే అక్క తన మాట చెప్పేసింది.

"ముహూర్తం అయ్యేదాకా నేను సామాన్ల గదిలో ఉంటా. అంతా అయినాక పిలవండి, వచ్చి అక్షింతలు వేస్తా."

"ఎవురన్నారు అట్లా? మగపెళ్లివాళ్లా? చెప్పు, ఇప్పుడే పోయి అడుగుతా," అని లేచాను.

"ఎవురూ అన్లేదురా. నేనే అంటా ఉండా. రేపు నా బిడ్డకి తలనొప్పొచ్చినా, ఆ పొద్దు నేను ఎదురుగా నిలబడినందుకే అని నా మనసు నన్ను తినేస్తాది."

శరణ్య ఏడ్చింది. ఏడుపొస్తే దానికి తెలుగు రాదు. "నీ ఇల్లామ ఎప్పడిమా?" అంది తమిళంలో, నువ్వు లేకుండా ఎట్లాగమ్మా అని. అక్క దాని తల నిమిరింది గానీ మాట మార్చుకోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. "సరి, నువ్వు మంటపానికి రావద్దు. మంటపాన్నే నీ దగ్గరికి తెస్తా, చూస్తా ఉండు!" అని అరిచి కిందికి దిగాను. అనడమైతే అన్నాను. తేవడం ఎలా?

మా పెళ్లిళ్లలో ముహూర్తమంటే జీలకర్ర బెల్లం. పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ మధ్య అడ్డుతెర పట్టుకుంటారు. ఘడియ రాగానే తెర మీదుగా చేతులు చాచి ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెడతారు, అప్పుడు తెర దించుతారు, అప్పుడు చూసుకుంటారు. ఒక్క కెమెరా ఉన్నవాడు తెరకి ఒక పక్కే నిలబడగలడు. పదకొండేళ్లుగా నేను పెళ్లికొడుకు పక్కే నిలబడ్డాను, ఎందుకంటే తర్వాత వచ్చి మావాడు సరిగ్గా పడలేదని నిలదీసేది వాళ్లే. తెర అవతల ఆడపిల్ల మొహం ఆ నిమిషంలో ఎలా ఉంటుందో నా క్యాసెట్లలో ఒక్కదాంట్లోనూ లేదు. అక్కకి ఆ నిమిషం చూపించాలంటే కెమెరాలు రెండు కావాలి. రెండు బొమ్మల్ని కలిపి అక్కడికక్కడే టీవీలోకి పంపే మిక్సర్ కావాలి.

మర్నాడే రిచ్చీ వీధిలో ముఖేష్ కొట్టుకి పోయాను. ముఖేష్ మా పేటవాడే, అబద్ధమాడడు గానీ అమ్మందే వదలడు. వచ్చిన పని చెప్పకముందే గాజు బీరువాలోంచి పెద్ద కెమెరా ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"అన్నా, ముందు ఇది చూడు. స్టూడియోలో పాట తీసినా, సభలో నాట్యం తీసినా ఇదొక్కటి చాలు. వెలుతురు తక్కువున్నా బొమ్మలో మచ్చ ఉండదు."

ఎదురుగా ఉన్న టీవీలో నా చొక్కా బొత్తాం దారం కూడా కనిపించింది. నోరూరింది, దాచడమెందుకు? కేబుల్ టీవీ వాళ్లు వారం వారం ఒక వంట కార్యక్రమం మా స్టూడియోలో తీసిపెట్టమని అడిగి ఉన్నారు. నా పాత కెమెరా బొమ్మ చూసి పెదవి విరిచారు. ఇది ఉంటే ఆ పని నాదే.

"అది సరి. మిక్సర్ల సంగతి చెప్పు," అన్నాను.

ముఖేష్ రెండు మిక్సర్లు చూపించాడు. ఒకటి పాతది, చవక. దాంతో పనిచేయాలంటే రెండు కెమెరాల్నీ ఒకే తాళానికి నడిపించే వైరు ఉండాలి. నా కెమెరాకి ఆ వైరు పెట్టే చోటే లేదు. వైరు లేకుండా ఒక కెమెరా నుంచి ఇంకో కెమెరాకి మారిస్తే బొమ్మ ఎగురుతుంది. ఎగరడమంటే ఏమిటో నన్నడగండి. అంతకు ముందేడు పెరంబూరులో ఒక పెళ్లికి అలాంటి మిక్సరే అద్దెకి తెచ్చాను. సరిగ్గా తాళి కట్టే సమయానికి టీవీలన్నిటిలో పెళ్లికొడుకు తల కిందా కాళ్లు పైనా అయి గిర్రున తిరిగాడు. భోజనాల హాల్లో నవ్వులు. ఆ నవ్వులు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

రెండోది కొత్తది. రెండు బొమ్మల్నీ లోపలే పట్టి నిలిపి, తనే సర్దుకుంటుంది. వైరు అక్కర్లేదు, ఎగరడం ఉండదు. అది కొంటే పెద్ద కెమెరా మాట మరచిపోవాలి. రెండో కెమెరా పాతది కొనుక్కోవాలి. ఏ కెమెరాలో ఏముందో విడివిడిగా చూపించే చిన్న టీవీలు రెండు కూడా ఉండాలి గానీ, వాటికి చేతులెత్తేయాల్సిందే.

"చిన్న టీవీలు లేకుంటే ఎట్లన్నా? ఏ బొత్తాం నొక్కితే ఆ కెమెరానే కనిపిస్తాది. రెండోది గుడ్డి," అన్నాడు ముఖేష్.

"పదకొండేళ్ల అలవాటు. నెట్టుకొస్తా," అన్నాను. అంతటి మొనగాణ్ణి.

నాలుగు రోజులు నిద్ర లేదు, తిండి సయించలేదు. పెద్ద కెమెరా అనుకుంటే అక్క మొహం కనిపించేది. మిక్సర్ అనుకుంటే ఏడాది పొడవునా ఈగలు తోలుకునే స్టూడియో కనిపించేది. రోజుకోసారి ముఖేష్ కొట్టుకి పోయి అడిగిందే అడిగి వచ్చేవాణ్ణి. అయిదో రోజు మంగ అడ్డం తిరిగింది.

"ఏమండీ, ఒక్క పెళ్లి కోసం మిషను కొంటారా ఎవురన్నా? పెద్ద కెమెరా అయితే రోజూ అన్నం పెడతాది."

"తెలుసులేవే! నువ్వు చెప్పాలా?"

"తెలిస్తే అరుస్తారెందుకు?"

మేడ మీద అక్క శరణ్య చీరలకి కుచ్చులు కట్టుకుంటూ ఏదో కూనిరాగం తీస్తోంది. మంగ కాసేపు పైకి చూసి, చేతిలో చేట కింద పెట్టింది. "మిక్సరే తీసుకోండి. తర్వాత ఏడాదంతా నేను సాధిస్తా, అది మటుకు కండిప్పా, తప్పదు," అంది.

మిక్సర్ వచ్చింది. తెచ్చిన రోజునుంచీ దాని ముందు కూర్చుని సాధన చేశాను. అక్క క్యాసెట్ల పని చేసుకుంటూనే ఓరగా చూసేది. ఒకరోజు దగ్గరికి వచ్చింది.

"ఈ పిడి ఏందిరా దామూ?"

"ముట్టుకోబాక!" అని అరిచాను. తర్వాత మనసొప్పక చెప్పాను. "ఒకటో బొత్తాం పెళ్లికొడుకు పక్క గోవిందసామి కెమెరా, రెండోది పెళ్లికూతురి పక్క గిరి కెమెరా. ఈ పిడి సగానికి లాగితే రెండు బొమ్మలూ చెరి సగం పడతాయి."

"అంటే నడిమిలో తెర ఉన్నట్టా?"

"ఆఁ, అట్లానే."

అక్క చేతులు కొంగులో చుట్టుకుని చాలాసేపు చూసింది.

పెళ్లి పురసవాక్కంలో. ముహూర్తం పొద్దున తొమ్మిది నలభై రెండుకి. తెల్లారేసరికి నేను మంటపంలో ఉన్నాను. పెళ్లికొడుకు పక్కన గోవిందసామి. నాతో పదేళ్లుగా తిరుగుతున్నవాడు, కెమెరా నిలబెట్టాడంటే స్తంభమే. పెళ్లికూతురి పక్కన గిరి, రెండో కెమెరా కోసం పెట్టుకున్న కుర్రాడు. ఇద్దరి దగ్గర్నుంచీ వైర్లు గోడ వారగా వెనక సామాన్ల గదిలోకి తెచ్చాను. అరటాకుల కట్టలు, కొబ్బరికాయల బస్తాల మధ్య ఒక బల్ల, బల్ల మీద మిక్సరు, ఎదురుగా రంగుల టీవీ. ఆ బొమ్మే హాల్లో రెండు స్తంభాల మీదున్న టీవీలకీ పోతుంది. అక్కకి మడత కుర్చీ వేశాను. కొత్త నేతచీర కట్టుకుని వచ్చి, అద్దంలో చూసుకునే మనిషిలా టీవీ ముందు కుదురుగా కూర్చుంది.

నాకు మాత్రం కుదురు లేదు. వైరు మీద ఎవడు కాలు వేస్తాడో, కరెంటు ఎప్పుడు పోతుందో అని పది నిమిషాలకోసారి గదికీ మంటపానికీ తిరిగాను. జనరేటరు మనిషి దగ్గరికి మూడోసారి పోయేసరికి అతను దండం పెట్టి, "సార్, పోయి టిఫిన్ తినండి," అన్నాడు.

తొమ్మిదీ ఇరవైకి కేక వినిపించింది. "మేనమామ యాడ? పెళ్లికూతుర్ని తీసుకురావాల!"

ఇది నేను లెక్కలో వేసుకున్నదే. బుట్టలో పిల్లని మంటపం మీదికి మోసుకురావాలి, అయిదు నిమిషాల పని. పెళ్లికొడుకు చేత ఏదో పూజ చేయిస్తున్నారు గనక ఒకటో బొత్తాం మీద వదిలి లేచాను.

"అక్కా, వచ్చేస్తా. ఏదీ ముట్టుకోబాక. ఒక్క బొత్తాం తప్పు పడితే బొమ్మంతా పోతాది."

"నాకెందుకురా, నేను ముట్టుకోను పో," అంది.

బుట్టకి ఒక పక్క నేనూ, ఇంకో పక్క మంగ తమ్ముడూ. శరణ్య నా చెవిలో, "అమ్మ చూస్తా ఉండాదా మామా?" అని అడిగింది. "చూస్తా ఉండాది," అన్నాను. బుట్ట దించి, వెనక్కి తిరిగి పరుగెత్తబోయాను.

"ఎక్కడికయ్యా? ఇది పట్టు!" అన్నాడు పురోహితుడు. నా చేతిలో అడ్డుతెర కొస పెట్టాడు.

మా ఇళ్లలో తెరకి పెళ్లికూతురి వైపు కొస మేనమామదే. ఇది నాకు తెలియదా? వందల పెళ్లిళ్లలో, వందలమంది మేనమామలు తెర పట్టుకుని చేతులు నొప్పెట్టి ముఖాలు చిట్లించడం కెమెరాలోంచి చూశాను. కాస్త ఎత్తి పట్టండి సార్ అని కసిరాను కూడా. ఇన్ని లెక్కలు వేసుకున్నవాణ్ణి నా రెండు చేతుల్ని లెక్కలో వేసుకోలేదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట!

"మా బామ్మర్ది పట్టుకుంటాడు," అన్నాను.

"ఆయన మేనమామ కాదు గదయ్యా," అన్నాడు పురోహితుడు. మగపెళ్లివారి ముసలమ్మలు ఇద్దరు తలలు తిప్పి చూశారు. ఇంకేం మాట్లాడతాను? తెర ఎత్తి పట్టుకున్నాను.

ఎదురుగా స్తంభం మీద టీవీ. అందులో పెళ్లికొడుకు. గోవిందసామి బాగా దగ్గరికి లాగి తీస్తున్నాడు, పెళ్లికొడుకు ముక్కు మీద చెమట చుక్క కూడా కనిపిస్తోంది. తెరకి ఇవతల నా మోకాళ్ల దగ్గరే శరణ్య తల వంచుకుని కూర్చుంది. గిరి కెమెరా దాని మొహం మీదే ఉంది. ఆ బొమ్మ మాత్రం ఎక్కడికీ పోవడం లేదు. రెండో బొత్తాం నొక్కేవాడు లేడు.

గోడ గడియారం తొమ్మిదీ ముప్పై ఏడు. మంగ ఆడవాళ్ల మధ్య ఎక్కడో ఉంది. కళ్లతో సైగ చేశాను. గది వైపు తల ఊపాను. ఆమె గబగబా వచ్చింది. బతికాననుకున్నాను. వచ్చి, నడుముకి దోపుకున్న రుమాలు తీసి, నా మొహం మీది చెమట తుడిచి వెళ్లిపోయింది. "మంగా! ఓసేయ్!" అని అరిచాను. అప్పుడే నాదస్వరం అందుకుంది. నా అరుపు నాకే వినపడలేదు.

తొమ్మిదీ ముప్పై తొమ్మిది. నా చేతులు వణుకుతుంటే తెర కూడా వణుకుతోంది. కళ్లు మండుతున్నాయి. తొమ్మిదేళ్లు నా మేడ మీద తల వంచుకుని బతికిన మనిషి అక్క. అందరి పిల్లల పెళ్లిళ్లకీ పేర్లు రాసిపెట్టింది. కన్నకూతురి పెళ్లినాడు నేను ఆమెకి చూపిస్తున్నది ఏమిటి? నెల రోజులు తిరిగి, చేతికందిన పెద్ద కెమెరా వదులుకుని, మా అక్కకి అల్లుడి ముక్కు చూపిస్తున్నాను. మండుతుందా మండదా ఎవడికైనా?

తొమ్మిదీ నలభై. పురోహితుడు జీలకర్ర బెల్లం ముద్ద శరణ్య చేతిలో పెట్టాడు. శరణ్య తల కాస్త ఎత్తి స్తంభం మీది టీవీ వైపు చూసింది. తను అందులో లేదు. నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

మళ్లీ నేను తలెత్తేసరికి టీవీలో శరణ్య ఉంది.

ముందు నమ్మలేదు. బొమ్మ ఎగరలేదు, తిరగలేదు, చీకటి పడలేదు. పెళ్లికొడుకు పోయి పెళ్లికూతురు వచ్చింది, అంతే. ఒక్క క్షణం ఉండి, భయపడ్డట్టు మళ్లీ పెళ్లికొడుకు వచ్చాడు. మళ్లీ శరణ్య. ఆ తర్వాత బొమ్మకి ఒక అంచు నుంచి నిలువు గీత ఒకటి బయలుదేరింది. కాస్త ముందుకి, కాస్త వెనక్కి, తడబడుతూ వచ్చి సరిగ్గా నడిమిలో ఆగింది. ఆ పక్క వాడు, ఈ పక్క ఇది. నా చేతుల్లో ఉన్న తెర ఎక్కడుందో టీవీలో ఆ గీత అక్కడే ఉంది.

హాల్లో ఒక్కసారిగా "అయ్యయ్యో, అట్లా చూడండే!" అని ఆడవాళ్లు లేచారు. భోజనాల హాల్లోంచి జనం ఆకుల ముందు నుంచి లేచొచ్చారు. మంటపం మీదున్న మమ్మల్ని ఎవరూ చూడటం లేదు. అందరూ టీవీల్నే చూస్తున్నారు. సామాన్ల గదిలో కొబ్బరికాయల మధ్య కూర్చున్న మా అక్క ఏది చూపిస్తే అది చూస్తున్నారు.

మేళం హోరెత్తింది. రెండు చేతులు గీతకి ఆ పక్క నుంచీ, రెండు ఈ పక్క నుంచీ లేచాయి. జీలకర్ర బెల్లం పడింది. నేను ఏడుస్తున్నాను. చేతులు పైనున్నాయి, కన్నీళ్లు తుడుచుకునే వీలు లేదు. పురోహితుడు, "దించవయ్యా, తెర దించు!" అని మూడుసార్లు చెప్పాడట, నాకు వినపడలేదు. తెర దించాక టీవీలో గీత మెల్లగా ఒక పక్కకి జరిగిపోయింది. శరణ్య ఒక్కతే మిగిలింది. ఎంతసేపటికీ శరణ్యే. తల్లి చేయి కదా, ఇంకెక్కడికి పోతుంది?

తెర గుడ్డ పురోహితుడి ఒళ్లో పడేసి గదికి పరుగెత్తాను. అక్క కుర్చీలో లేదు, బల్ల ముందు నిలబడి ఉంది. ఒక చేయి పిడి మీద, ఇంకో చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నన్ను చూడగానే తప్పు చేసిన చిన్నపిల్లలా అయిపోయింది.

"దామూ, ముట్టుకున్నానురా. బిడ్డ కనపడలేదు, తట్టుకోలేకపోయినా." పిడి మీంచి చేయి తీసేసింది. "ఏం కాలేదు కదా?"

జన్మలో మొదటిసారి నాకు అరవడానికి నోరు రాలేదు.

"ఏం కాలేదక్కా. శుభంగా జరిగింది. నీ చేత్తోనే జరిగింది. రా, మంటపానికి పోదాం."

చేయి పట్టుకున్నాను. ఆమె కదిలింది, గుమ్మం దాకా వచ్చింది కూడా. వచ్చి, వెనక్కి తిరిగి టీవీ చూసింది.

"ఇప్పుడు మాంగల్యం గదా? ఆడ అందరూ దీంట్లోనే చూస్తా ఉండారు. ఈడెవురు కూర్చుంటారు, నువ్వా? నీ చెయ్యి చూడు, ఎట్లా వణకతా ఉండాదో." పోయి కుర్చీ ముందుకి లాక్కుని కూర్చుంది. "తాళి అయినాక వస్తా, అక్షింతలకి ముందు నేనే ఉంటా. నువ్వు పోయి గిరికి చెప్పు, ఇంకాస్త దగ్గరికి పొమ్మని. బిడ్డ మొహం చిన్నదిగా కనిపిస్తా ఉండాది."

నేను పోయి గిరికి చెప్పాను. తాళి ముడి పడ్డాక అక్క మంటపం మెట్లెక్కి వచ్చింది. అందరికంటే ముందు నిలబడి అక్షింతలు వేసింది. ఎవరూ ఏమీ అనలేదు. శరణ్యకి ఆ రోజు తలనొప్పి రాలేదు.

క్యాసెట్ చూసి అంబత్తూరు వాళ్లు రానే వచ్చారు, మావాడు తక్కువ పడ్డాడని. "ముందర మూడు నిమిషాలు మీవాడి ముక్కే గదయ్యా, చాలదా?" అని అరిచి పంపించాను. కేబుల్ టీవీ వాళ్ల వంట కార్యక్రమం ఇంకెవరికో పోయింది, మంగ మాట నిలబెట్టుకుని ఏడాదంతా సాధించింది.

శరణ్య పెళ్లయిన తర్వాతి వారమే ఇంకెవరిదో పెళ్లి క్యాసెట్ సిద్ధమైంది. అక్క డబ్బా మీద పేర్లు రాసి ఆరబెట్టింది. మంగ పసుపు కుంకుమ గిన్నె పట్టుకొచ్చింది.

"ఇటియ్యి మంగా," అంది అక్క.

మంగ నా వైపు చూసింది. నేను నోరు మూసుకుని వీధిలోకి నడిచాను.